నడి ఏడాది నీరసం: దజీజ్ గోదాముల్లో సెలవుల లెక్క

కువైట్ అంతర్జాతీయ విమానాశ్రయానికి పక్కనే, ఫర్వానియా గవర్నరేటులో ఉన్న దజీజ్ కాపురాలుండే పేట కాదు. గోదాములు, షోరూములు, సరుకు రవాణా సంస్థల కార్యాలయాలు, పెద్ద దుకాణాలు, వాటి మధ్య ట్రక్కులు ఆగే ఖాళీ స్థలాలు అక్కడ కనిపిస్తాయి. పని చేయడానికి ఖైతాన్, ఫర్వానియా, జలీబ్, అబ్బాసియాల నుంచి పొద్దున వచ్చి సాయంత్రం తిరిగి వెళ్ళేవారు చాలామంది. వారిలో కడప, అన్నమయ్య జిల్లాల వారు, గోదావరి జిల్లాల వారు, తెలంగాణ వారు గోదాములో బరువులు ఎత్తే పని మొదలుకొని లెక్కల విభాగం, కంప్యూటర్ విభాగం, మేనేజరు కుర్చీ దాకా అన్ని మెట్లమీదా కనిపిస్తారు.

జూన్ మొదటివారం వచ్చేసరికి ఈ పేటలో పని తీరు మారిపోతుంది. భారతీయ పాఠశాలలకు వేసవి సెలవులు మొదలవుతాయి. విమాన టిక్కెట్ల ధర కొండెక్కుతుంది. కుటుంబాలున్నవారు భార్యాపిల్లలను ఊరికి పంపుతారు, కొందరు తామూ వెళతారు. సరిగ్గా అదే సమయానికి కార్యాలయాల్లో అర్ధ సంవత్సరపు సమీక్షలు జరుగుతాయి. ఫలితాలు తగ్గాయనీ, జనవరిలో ఉన్న ఉత్సాహం ఇప్పుడు కనబడటం లేదనీ అందులో తేలుతుంది. దానికి మందుగా ఒక ప్రేరణ ప్రసంగం, ఒక కేకు, గోడమీద ఒక కొత్త నినాదం, మిగిలిన ఆరు నెలలకు పెంచిన లక్ష్యాలు వస్తాయి. ఆగస్టులో పరిస్థితి ఇంకా దిగజారితే బృందంలో అంకితభావం లేదన్న నిర్ణయానికి రావడం తేలిక.

ఈ నిర్ణయం చాలాసార్లు తప్పు. నడి ఏడాది నీరసానికి మూడు కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి: ఏ సుదీర్ఘమైన పనికైనా మధ్యభాగంలో ఉండే స్వభావం, గల్ఫ్ ఎండ, సెలవుల పట్టిక. మొదటిదాన్ని గురించి మనస్తత్వశాస్త్రంలో మంచి పరిశోధన ఉంది. రెండోదాన్ని గురించి ప్రభుత్వ నియమాలున్నాయి. అన్నిటికన్నా ఎక్కువ బరువున్న మూడోదాన్ని గురించి మాత్రం సమీక్షా సమావేశాల్లో మాట ఉండదు. అది మానవ వనరుల విభాగం వారి ఫైలు అనుకుంటారు.

మధ్య అనే చోటు

గమ్యం దగ్గరపడేకొద్దీ వేగం పెరుగుతుందన్న సూత్రాన్ని అమెరికన్ మనస్తత్వవేత్త క్లార్క్ హల్ 1932లో ప్రతిపాదించాడు. ఆయన ప్రయోగాల్లోని ఎలుకలు ఆహారం సమీపించేకొద్దీ వేగంగా పరుగెత్తాయి. రాన్ కివెట్స్, ఆయన సహచరులు 2006లో ఇదే సూత్రాన్ని కాఫీ దుకాణంలో పరీక్షించారు. పది ముద్రలు పడితే ఒక కాఫీ ఉచితంగా ఇచ్చే కార్డు కొందరికి, పన్నెండు గడులుండి అందులో రెండు ముందే ముద్రించిన కార్డు మరికొందరికి ఇచ్చారు. కొనవలసిన కాఫీలు ఇద్దరికీ పదే. అయినా రెండో రకం కార్డు ఉన్నవారు త్వరగా పూర్తిచేశారు. దారిలో కొంత నడిచేశామన్న భావన కాళ్ళకు బలమిచ్చిందన్నమాట.

అయితే చివర్లో పరుగు సరే, నడుమ ఏమవుతుంది? ఆంద్రియా బొనెట్సి, మిగుయెల్ బ్రెండల్, మత్తెయో దె ఆంజెలిస్ 2011లో ప్రచురించిన పరిశోధన దీనికి సమాధానం ఇచ్చింది. మనిషి తన ప్రగతిని మొదట్లో బయలుదేరిన చోటునుంచి కొలుచుకుంటాడు, చివర్లో చేరవలసిన చోటునుంచి కొలుచుకుంటాడు. నడుమ ఈ రెండూ దూరంగానే ఉంటాయి. ఏడాదిలో వంద కంటెయినర్లు దించాలనుకుంటే, మొదటిదాని తరువాత రెండోది దించగానే చేసిన పని రెట్టింపవుతుంది. యాభయ్యోదాని తరువాత యాభై ఒకటోది దించితే చేసిన పని రెండు శాతమే పెరుగుతుంది. మిగిలినదానివైపు నుంచి చూసినా అంతే, మిగిలిన యాభైలో ఒకటి తగ్గుతుంది. చివరి రెండింటిలో ఒకటి దించినప్పుడు మాత్రం మిగిలిన పని ఒక్కసారిగా సగమవుతుంది. చెమట అన్ని కంటెయినర్లకూ ఒకటే, కానీ యాభై ఒకటోదానికి ఫలితం కంటికి ఆనదు.

దీనికి తోడుగా మరో పరిశోధన ఉంది. గోదాములు నడిపేవారు తప్పక తెలుసుకోవలసినది అదే. మాఫెరీమా తూరే-తిలరీ, అయెలెట్ ఫిష్‌బాక్ 2012లో చూపించినది ఏమిటంటే, నడుమ తగ్గేది శ్రమ ఒక్కటే కాదు, ప్రమాణాలు కూడా. ఎనిమిది రాత్రులు దీపాలు వెలిగించే యూదుల హనుక్కా పండుగలో మొదటి రాత్రి, చివరి రాత్రి వెలిగించేవారు ఎక్కువ, నడిమి రాత్రుల్లో తక్కువ. కాగితం మీద గీసిన ఒకే రకం ఆకారాలను వరసగా కత్తిరించమంటే, నడిమి వాటిని గీత తప్పి కత్తిరించారు. మొదటిదీ చివరిదీ మన గురించి ఏదో చెబుతాయనీ, నడిమివి ఎవరి లెక్కలోకీ రావనీ మనసులో ఎక్కడో అనుకుంటాం.

దజీజ్ గోదాములో ఈ నడిమి దీపాలంటే గడువు తేదీల తనిఖీ, కోల్డ్ స్టోరేజి ఉష్ణోగ్రతల పుస్తకం, ఫోర్క్‌లిఫ్టు బ్రేకుల పరీక్ష. డిసెంబరులో ఆడిటర్లు వస్తారు కాబట్టి అప్పుడు అన్నీ సరిగ్గా ఉంటాయి. జనవరిలో కొత్త పుస్తకం కాబట్టి సరిగ్గానే ఉంటాయి. జూలై పేజీలో మాత్రం నాలుగు గంటలకొకసారి చూసి రాయవలసిన అంకెలు ఒకే కలంతో, ఒకే వాలుతో, ఒకే కూర్చున్న పాటున రాసినట్లు కనిపించే అవకాశం ఎక్కువ. ఆ నెలలో బయట ఉన్నది యాభై డిగ్రీలు. ఆ గదిలో ఉన్నవి మందులో, పాలో, మాంసమో కావచ్చు.

మధ్యభాగం గురించిన పరిశోధన అంతా నిరాశగా లేదు. కానీ గర్సిక్ 1988లో ఎనిమిది పని బృందాలను మొదటి సమావేశం నుంచి చివరిదాకా గమనించి ఒక వింత కనుగొన్నారు. కొన్నిటి గడువు ఒక వారం, కొన్నిటిది నెలలు. అయినా ప్రతి బృందమూ తన గడువులో ఇంచుమించు సగం గడిచినప్పుడే పాత పద్ధతిని వదిలి కొత్త దారి పట్టింది. సగం అయిపోయిందన్న స్పృహే కుదుపులాగా పనిచేసింది. అర్ధ సంవత్సరపు సమీక్షలను సమర్థించేవారు దీన్ని తమకు అనుకూలంగా చెప్పుకోవచ్చు. కాని గర్సిక్ చూసిన బృందాలకు ఒక ముగింపు ఉంది: నివేదిక ఇవ్వాలి, పథకం తయారుచేయాలి, తరువాత విడిపోవాలి. గోదాముకు ముగింపు లేదు. డిసెంబరు 31 సాయంత్రం వచ్చిన ట్రక్కుకూ జనవరి 1 ఉదయం వచ్చిన ట్రక్కుకూ తేడా లేదు. కంప్యూటర్ విభాగంలో కొత్త సాఫ్ట్‌వేర్ అమర్చే బృందానికి జూన్ నెల ఒక మేలుకొలుపు కావచ్చు, అదే భవనం కింది అంతస్తులో సరుకు సర్దేవారికి అది మరో నెల మాత్రమే. రెండు బృందాలకూ ఒకే ప్రసంగం ఇస్తే ఒకటి వింటుంది, మరొకటి గడియారం చూస్తుంది.

ఎవరి ఏడాదికి నడుమ?

ఇంకో చిక్కు కూడా ఉంది. కువైట్‌లో పనిచేసే తెలుగువాడికి ఒకే ఏడాది లేదు. కంపెనీ లెక్క చాలాచోట్ల జనవరి నుంచి డిసెంబరు. కువైట్ ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. పిల్లల చదువుల ఏడాదీ ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. హిజ్రీ సంవత్సరం ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ రంజాన్‌నూ బక్రీదునూ మోసుకెళుతుంది. 2024లో బక్రీదు జూన్ మధ్యలో వచ్చింది, 2025లో జూన్ మొదటివారంలో వచ్చింది. 2025లో జూన్ చివర హిజ్రీ నూతన సంవత్సర సెలవు తరువాత సెప్టెంబరు మొదట్లో మిలాదున్నబీ దాకా మరో పండుగ సెలవు లేదు. అంటే మండుటెండల రెండు నెలలకూ పనిదినాల మధ్య ఒక్క విరామమూ లేదు.

వీటన్నిటికన్నా బలమైన ఏడాది ప్రతి మనిషికీ సొంతంగా ఉంటుంది. అది చివరిసారి ఊరినుంచి వచ్చిన రోజున మొదలై మళ్ళీ వెళ్ళే రోజున ముగుస్తుంది. కింది మెట్లలో పనిచేసేవారిలో రెండేళ్ళకొకసారి కంపెనీ టిక్కెట్టుమీద వెళ్ళేవారు చాలామంది ఉన్నారు. వారి నడిమి కాలం పన్నెండో పదమూడో నెల. అది ఫిబ్రవరిలో రావచ్చు, అక్టోబరులో రావచ్చు. మేనేజరు తన ఏడాదికి నడుమ నిలబడి ఉత్సాహం గురించి మాట్లాడుతున్నప్పుడు ఎదుట కూర్చున్న ఒకడు పదిహేను రోజుల్లో విమానం ఎక్కబోతూ ఉంటాడు, వాడికి ఆ ప్రసంగం అక్కరలేదు. ఇంకొకడు నిన్ననే తిరిగొచ్చాడు, వాడికి ఆ ప్రసంగం ఎక్కదు.

తెలుగువారి సంప్రదాయ పంచాంగంలో జూన్ నడి ఏడాది కానే కాదన్నది కూడా గుర్తుంచుకోదగిన విషయం. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక, మొదటి వానలు, విత్తనాలు, బడి తెరవడం అన్నీ అప్పుడే. ఊళ్ళో అందరూ పని మొదలుపెట్టే రోజుల్లో కువైట్‌లో పని చల్లబడుతుంది. ఊరినుంచి వచ్చే ఫోటోల్లో మడి తడిగా ఉంటుంది, ఇక్కడ కిటికీ అద్దంమీద దుమ్ము పేరుకుని ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు, కాని ఇంటి బెంగ ఎక్కువయ్యే నెలలేవని అడిగితే చాలామంది చెప్పే సమాధానంలో దీనికి పాలు ఉంటుంది.

ఎండ చేసే పని

2016 జూలై 21న కువైట్ ఉత్తరాన మిత్రిబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో దాన్ని ధ్రువీకరించింది. భూమిమీద నమ్మదగినట్లుగా కొలిచిన అత్యధిక ఉష్ణోగ్రతల్లో అది ఒకటి. 2015లో వచ్చిన 535వ సంఖ్య ఉత్తర్వు ప్రకారం జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 గంటల నుంచి సాయంత్రం 4 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. మంచి నియమమే. కాని కువైట్‌కు చెందిన పరిశోధకుడు బర్రాక్ అల్ అహ్మద్, ఆయన సహచరులు 2023లో ప్రచురించిన అధ్యయనం నిషేధం అమల్లో ఉన్న నెలల్లో కూడా విపరీతమైన వేడి ఉన్న రోజుల్లో పనిచోటి గాయాలు పెరుగుతున్నాయని చూపింది.

కారణాలు ఊహించడం కష్టం కాదు. నిషేధం నేరుగా ఎండ పడే చోటికి వర్తిస్తుంది. రేకుల కప్పు కింద, ట్రక్కు డబ్బా లోపల, తలుపులు తెరిచి ఉన్న లోడింగ్ చోటులో ఎండ పడదు, వేడి మాత్రం తగ్గదు. శరీరం తనను తాను చల్లబరచుకోవడానికి రక్తాన్ని చర్మంవైపు పంపుతుంది, కండరాలకు అందేది తగ్గుతుంది. నీళ్ళు చాలకపోతే ముందు దెబ్బతినేది శ్రద్ధ. బయటినుంచి చూసేవాడికి అది బద్ధకంలాగే కనిపిస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019 నివేదికలో 2030 నాటికి వేడివల్ల ప్రపంచవ్యాప్తంగా 2.2 శాతం పని గంటలు పోతాయని అంచనా వేసింది. అందులో ఎక్కడా కార్మికుల అంకితభావం ఒక కారణంగా లేదు.

సూపర్‌వైజర్లు చేసే ఒక సాధారణమైన తప్పును ఇక్కడ చెప్పుకోవాలి. వేడికి శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. వేడికి దూరంగా ఒక వారం గడిపితే ఆ అలవాటు తగ్గడం మొదలవుతుంది, నెల రోజుల్లో చాలావరకు పోతుంది. రాజంపేటలోనో రాజోలులోనో జూలై వానల్లో నెల గడిపి వచ్చినవాడి శరీరం దాదాపు కొత్తవాడి శరీరమే. కాని సెలవు నుంచి వచ్చాడు, విశ్రాంతి తీసుకున్నాడు, నెల రోజులు ఇతరులు వాడి పని చేశారు అన్న లెక్కతో మొదటిరోజే వాడిమీద పూర్తి బరువు పెడతారు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నయోష్ సిఫారసు దీనికి నేరుగా వ్యతిరేకం. అనుభవం ఉండి తిరిగి వచ్చినవారికి వేడిలో పని మొదటిరోజు 50 శాతం, రెండోరోజు 60, మూడోరోజు 80, నాలుగోరోజు పూర్తిగా ఇవ్వాలి. అసలే కొత్తవారికైతే మొదటిరోజు 20 శాతానికి మించకుండా మొదలుపెట్టి రోజుకు 20 శాతం చొప్పున పెంచాలి.

పగటి వేడికి రాత్రి నిద్ర తోడు కావాలి. ఒకే గదిలో నలుగురైదుగురు, వారిలో ఇద్దరిది రాత్రి షిఫ్టు, ఎయిర్ కండిషనర్ ఒకటి, 2024 వేసవిలోలాగా కరెంటు కోతలు వస్తే అదీ లేదు. 2024 జూన్ 12 తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులు నిద్రిస్తున్న భవనంలో మంటలు లేచి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. ఆ వారం కువైట్‌లో ఏ బృందానికీ ఎవరూ ప్రేరణ ప్రసంగం ఇచ్చి ఉండరు. ఇచ్చినా వినేవారి మనసు తమ గది తలుపుమీద, మెట్లమీద ఉండి ఉంటుంది. పనివాళ్ళ ఉత్సాహం గురించి ఆలోచించే మేనేజరు వాళ్ళు ఎక్కడ పడుకుంటున్నారో ఒక్కసారైనా వెళ్ళి చూశాడా అన్నది అడగదగిన ప్రశ్న.

పన్నెండు మంది పని, ఏడుగురు మనుషులు

ఇక అసలు విషయం. కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం, అంటే 2010 నాటి 6వ చట్టం, ఉద్యోగికి ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. ఆ సెలవు ఎప్పుడన్నది నిర్ణయించే అధికారం యజమానిది. సాధారణ పని వారానికి 48 గంటలు. ఓవర్‌టైముకు చట్టం గట్టి హద్దులు పెట్టింది: రోజుకు రెండు గంటలు, వారానికి మూడు రోజులు, ఏడాదికి 180 గంటలు మించకూడదు. ఆ గంటలకు మామూలు జీతంమీద 25 శాతం అదనంగా ఇవ్వాలి.

ఈ అంకెలను ఒక ఊహాజనిత బృందానికి అన్వయించి చూస్తే చాలా విషయాలు తేటపడతాయి. గోదాములో పన్నెండు మంది ఉన్నారనుకుందాం. వారానికి వారి పని 576 గంటలు. జూలైలో ఐదుగురికి సెలవు ఇచ్చారు. మిగిలిన ఏడుగురు చట్టం ఒప్పుకునే ఓవర్‌టైము మొత్తం చేసినా తలా 54 గంటలు, అందరిదీ కలిపి 378. తక్కువ పడేది 198 గంటలు, అంటే మొత్తం పనిలో మూడోవంతుకు పైగా. ఐదుగురు కాక ఇద్దరే వెళ్ళినా పదిమంది చేయగలిగేది 540, ఇంకా 36 గంటలు తక్కువే. చట్టబద్ధమైన ఓవర్‌టైముతో పూడ్చగలిగేది ఒక్క మనిషి లోటును మాత్రమే. పన్నెండు మందికి తలా నెల సెలవు అంటే ఏడాదికి పన్నెండు నెలలు, సగటున ఎప్పుడూ ఒకరు ఊళ్ళో ఉంటారు. అంటే సెలవులు ఏడాది పొడవునా సమంగా పరుచుకుంటే పని దాదాపు సరిపోతుంది, ఒక నెలలో కుప్పపడితే సరిపోదు. జూలైలో కనిపించే ఆ మూడోవంతు లోటుకే సమీక్షా సమావేశంలో ప్రేరణ లోపం అని పేరు పెడతారు.

లోటు ఉన్నా ట్రక్కులు ఆగవు కాబట్టి అది ఎక్కడో ఒకచోట తేలాలి. కొంత వాయిదా పడుతుంది. కొంత కాగితంమీద మాత్రమే జరుగుతుంది. మిగిలింది లెక్కలోకి రాని గంటలుగా మారి ఏడుగురి నెత్తిన పడుతుంది. బయటివారిని నెలరోజులకు తెచ్చుకోవడం తేలిక కాదు. అకామా ఏ సంస్థమీద ఉంటే అక్కడే పని చేయాలి. 2024 జనవరి నుంచి పార్ట్ టైం అనుమతులు వచ్చినా అవి రోజుకు నాలుగు గంటలకే.

పై అంతస్తు కార్యాలయంలో ఇదే లోటు మరో రూపంలో వస్తుంది. అక్కడ బరువులు లేవు, సంతకాలున్నాయి. ఆమోదం ఇవ్వవలసిన మేనేజరు సెలవులో ఉంటే కింద నలుగురు ఉద్యోగులు ఇన్‌వాయిస్‌లు పట్టుకుని ఎదురుచూస్తారు. చేతినిండా పని ఉండి అలసిపోవడం ఒకరకం, పని చేసి ముందుకు కదపలేక కూర్చోవడం ఇంకోరకం. రెండోదే మనిషిని త్వరగా తినేస్తుంది. సెలవుకు వెళ్ళే ప్రతి అధికారీ ఎంత మొత్తం దాకా ఎవరు సంతకం చేయవచ్చో రాసి ఇచ్చి వెళ్ళడం ఒక్కటే దీనికి మందు. అది పది నిమిషాల పని. చాలాచోట్ల అది జరగకపోవడానికి కారణం సమయం లేకపోవడం కాదు, తాను లేనప్పుడు పని నడిచిపోతుందేమోనన్న భయం.

ఉండిపోయినవాళ్ళు ఎవరన్నది తరువాతి ప్రశ్న. వేసవి సెలవులు పిల్లలున్నవారికే అన్నది చాలాచోట్ల రాయని నియమం. అందులో న్యాయం లేకపోలేదు. కాని దాని ఫలితంగా పెళ్ళికానివాళ్ళు, కుటుంబాన్ని ఊళ్ళోనే వదిలి వచ్చినవాళ్ళు ప్రతి వేసవీ ఇతరుల పని చేస్తారు. కుటుంబాన్ని ఊళ్ళో వదిలి వచ్చినవాడికీ పిల్లలున్నారు, వాళ్ళకూ బడి ఉంది. కువైట్‌లో చదవడం లేదు కాబట్టి వాళ్ళు లెక్కలోకి రారు. స్టేసీ ఆడమ్స్ 1963లో చెప్పిన సమానత్వ సిద్ధాంతం ప్రకారం మనిషి తన జీతాన్ని ఒంటరిగా తూచడు, తాను పెట్టినదానికీ పొందినదానికీ ఉన్న నిష్పత్తిని పక్కవాడి నిష్పత్తితో పోల్చి చూస్తాడు. తేడా కనిపిస్తే, పొందేదాన్ని పెంచుకోలేనివాడు పెట్టేదాన్ని తగ్గిస్తాడు. జూలైలో నెమ్మదించిన చేతుల్లో కొన్ని అలసినవి, కొన్ని లెక్క సరిచేసుకుంటున్నవి.

దీనికి పరిష్కారం దజీజ్‌లాంటి చోట అనుకున్నంత కష్టం కాదు. అక్కడి బృందాలు ఒకే దేశం, ఒకే మతం వాళ్ళవి కావు కాబట్టి అందరికీ కావలసిన నెల ఒకటే కాదు. మలయాళీకి ఓణం కావాలి, అది ఆగస్టులోనో సెప్టెంబరులోనో వస్తుంది. ఫిలిప్పీన్స్ వారికి క్రిస్మస్, నేపాలీకి దసైం, ఈజిప్టు వారికి ఈదు. చిన్నపిల్లలు లేని తెలుగువాడిని అడిగితే మొదట సంక్రాంతి అంటాడు. పెళ్ళి చేసుకోబోయేవాడికి జూలైలో చాలా భాగం ఆషాఢం, ముహూర్తాలు లేవు, శ్రావణమో మాఘమో వైశాఖమో కావాలి. ముందుగా అడిగితే జూలైకోసం పోటీ సగానికి సగం తగ్గిపోయే అవకాశం ఉంది. అడగరు కాబట్టి, చివరి నిమిషంలో దొరకదేమోనన్న భయంతో అందరూ జూలైకే దరఖాస్తు పెడతారు. ఎవరు ఎప్పుడు వెళుతున్నారో, ఎవరి బదులు ఎవరు ఎన్ని షిఫ్టులు చేశారో గోడమీద అందరికీ కనబడేలా రాస్తే మరో మేలు ఉంది. ఈ వేసవిలో ఉండిపోయినవాడికి వచ్చే ఏడాది మొదటి ఎంపిక దక్కుతుందన్న మాటకు సాక్ష్యం ఉంటుంది. నోటిమాటగా ఇచ్చిన హామీలు మేనేజరు మారగానే పోతాయి.

దారిని ముక్కలు చేయడం

సెలవుల పట్టిక సరిచేసిన తరువాత, ఎండకు ఏర్పాట్లు చేసిన తరువాత మాత్రమే మనస్తత్వశాస్త్రం చెప్పే చిట్కాలకు చోటు. తలకిందులుగా చేస్తే అవి వెక్కిరింతల్లా ఉంటాయి.

నడుమ రెండు చివరలూ దూరం కావడమే చిక్కయితే, చివరలను దగ్గరకు తేవాలి. ఏడాది లక్ష్యానికి బదులు వారపు లక్ష్యం పెట్టుకుంటే నడుమ అనేది మంగళవారం మాత్రమే. గోదాములో మొత్తం స్టాకు లెక్కను ఏడాదికొకసారి చేసే బదులు రోజుకు ఒక వరస చొప్పున చేస్తే ప్రతి సాయంత్రమూ ఒకటి పూర్తవుతుంది. మిన్‌జంగ్ కూ, అయెలెట్ ఫిష్‌బాక్ 2012లో చూపిన మెలకువ కూడా ఇక్కడ పనికొస్తుంది: సగానికి ముందు చేసినది చూపాలి, సగం దాటాక మిగిలినది చూపాలి, అంటే ఎప్పుడూ చిన్న అంకెనే ముందు పెట్టాలి. బోర్డుమీద సంఖ్య మార్చి రాయడానికి డబ్బు ఖర్చు కాదు.

తెరీసా అమబైల్, స్టీవెన్ క్రేమర్ 238 మంది ఉద్యోగులు రోజూ రాసిన దాదాపు 12,000 దినచర్య నమోదులను పరిశీలించి 2011లో తమ పుస్తకం ప్రచురించారు. మంచి రోజులని ఉద్యోగులు రాసుకున్నవాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన సంఘటన పొగడ్త కాదు, బోనసు కాదు, అర్థవంతమైన పనిలో కొంచెం ముందుకు సాగడం. వారే 669 మంది మేనేజర్లను ప్రేరణకు కారణమయ్యే ఐదు అంశాలకు వరస ఇమ్మంటే, పని ముందుకు సాగేందుకు తోడ్పడటం అన్నది అట్టడుగున నిలిచింది. చెడిపోయిన ప్యాలెట్ ట్రక్కును మే నెలలోనే బాగుచేయించడం జూన్ కేకు కన్నా ఎక్కువ పని చేస్తుందన్నమాట.

కేకుకు కూడా చోటు ఉంది, కాని అది పైనుంచి దిగకూడదు. డొనాల్డ్ రాయ్ అనే సామాజికశాస్త్రవేత్త ఒక కర్మాగారంలో రోజంతా ఒకే యంత్రాన్ని నొక్కే పనిలో చేరి, 1959లో ఆ అనుభవాన్ని విశ్లేషిస్తూ రాశాడు. అతని తోటి పనివాళ్ళు రోజును చిన్న చిన్న వేళలుగా విడగొట్టుకున్నారు. ఒకడు తెచ్చిన పీచ్ పండ్లు అందరూ పంచుకునే వేళ, తరువాత వాడి అరటిపండును మరొకడు రోజూ దొంగిలించి తినే వేళ, రోజూ అదే తగవు. బయటివాడికి అర్థంలేని ఈ తంతు లేకపోతే ఆ పని భరించడం కష్టమని రాయ్‌కు కొద్దిరోజుల్లోనే తెలిసివచ్చింది. దజీజ్‌లో దానికి సమానమైనది పది గంటల టీ, ఊరినుంచి వచ్చినవాడు విప్పే పూతరేకుల పొట్లం, ఆవకాయ సీసా మూత ఎవరు తీయాలన్న వాదన. మనుషులు తక్కువైన నెలలో సూపర్‌వైజరు మొదట కోసేది ఈ పది నిమిషాలనే. చట్టం కూడా వరసగా ఐదు గంటలకు మించి విరామం లేకుండా పని చేయించకూడదనీ, ఆ విరామం గంటకు తగ్గకూడదనీ చెబుతోంది. అది కనీస హద్దు. టీ వేళ దానికి పైన ఉండవలసినది.

ఆగస్టు 31తో మధ్యాహ్నపు నిషేధం ముగుస్తుంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే తెల్లవారుజామున దక్షిణ దిక్కున సుహైల్ నక్షత్రం కోసం గల్ఫ్ ప్రజలు చూస్తారు, అది కనిపిస్తే ఎండ తగ్గుముఖం పట్టినట్లు. తెలుగువారికి అదే అగస్త్య నక్షత్రం. ఆ సమయానికి ఊళ్ళకు వెళ్ళినవారు తిరిగి వస్తూ ఉంటారు, బడులు తెరుచుకుంటాయి, గోదాములో పన్నెండు మందీ మళ్ళీ ఒకచోట కనిపిస్తారు. వచ్చే ఏడాది సెలవుల గురించి అడగడానికి జనవరిదాకా ఆగనక్కరలేదు. సంక్రాంతికి వెళ్ళాలనుకునేవాడు టిక్కెట్టు కొనేది అక్టోబరులో. వేసవి ఎవరు మోశారో అందరికీ ఇంకా గుర్తుండే సెప్టెంబరు నెలలోనే కొత్త పట్టికను గోడకు అంటించి, మొదటి కలం ఉండిపోయినవాళ్ళ చేతికి ఇవ్వవచ్చు.